దొరకని బీరు కావాలంటే ముందు బ్రూవరీ గడప తొక్కాలి

మా తాత పొద్దెక్కాక కల్లు ముట్టేవాడు కాదు. భువనగిరి దగ్గర మా ఊళ్ళో గౌడన్న మోకు విప్పుకుని చెట్టు దిగేసరికి ఆయన తాటివనంలో ఉండేవాడు. అప్పుడే దించిన లొట్టిలో కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. మధ్యాహ్నానికి రుచే మారిపోతుంది. మంచి కల్లు కావాలంటే చెట్టు దగ్గరికే వెళ్ళాలి, వేరే దారి లేదు. రోజూ వచ్చేవాళ్ళ కోసం గౌడన్న ఒక లొట్టి పక్కన పెట్టేవాడు. ఏ చెట్టు కల్లు ఎవరికి ఇష్టమో ఆయనకు గుర్తుండేది.

అమెరికాలో క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న, స్వతంత్ర బ్రూవరీలు కాచే బీరు గురించి నన్నెవరైనా అడిగితే మొదట ఈ సంగతే చెప్తాను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన కుర్రాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఫలానా బీరు ఎక్కడా దొరకట్లేదు, ఎట్లా?" ఆన్‌లైన్లో మూడింతల ధర పెట్టి కొనడానికి కూడా కొందరు సిద్ధంగా ఉంటారు. అంత అవసరం లేదు. కొంచెం ఓపిక, కొన్ని మంచి అలవాట్లు ఉంటే చాలావరకు అసలు ధరకే, తాజాగా దొరుకుతుంది. నేను పదేళ్ళకు పైగా ఈ దారిలో తిరిగి నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెప్తున్నాను. ఇదంతా 21 ఏళ్ళు నిండినవాళ్ళకే. అమెరికాలో చట్టం అదే. తల నెరిసినా సరే, ఐడీ జేబులో ఉండాలి.

ముందు, అది ఎందుకు దొరకదో అర్థం చేసుకోండి

ఇది తెలియకపోతే తప్పుడు చోట వెతుకుతారు. కారణాలు మూడు.

మొదటిది, చేసేదే తక్కువ. అమెరికాలో ఇప్పుడు 9,000కు పైగా బ్రూవరీలు ఉన్నాయి. 1970ల చివర్లో వంద కూడా లేవు. ఉన్నవాటిలో చాలావరకు ఒక ఊరికో, ఒక పేటకో సరిపడా చేసేవే. అక్కడి చిన్న బ్రూవరీల సంఘం బ్రూవర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం క్రాఫ్ట్ బ్రూవరీ అంటే ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళకు మించకూడదు, పెద్ద మద్యం కంపెనీ వాటా 25 శాతంలోపే ఉండాలి. బ్యారెల్ అంటే సుమారు 117 లీటర్లు. కానీ మీరు వెతికే బీరు చేసేవాళ్ళు ఆ పరిమితి దరిదాపుల్లో కూడా ఉండరు.

రెండోది చట్టం. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక చాలా రాష్ట్రాలు మూడంచెల పద్ధతి పెట్టాయి. తయారుచేసేవాడు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మాలి, డిస్ట్రిబ్యూటర్ దుకాణానికి అమ్మాలి, దుకాణం మనకు అమ్మాలి. ఒక రాష్ట్రంలో డిస్ట్రిబ్యూటర్ లేకపోతే ఆ బీరు ఆ రాష్ట్రంలో షాపుకు రాదు. మీ షాపువాడు ఎంత మంచివాడైనా తెప్పించలేడు. అయితే బ్రూవరీ తన ట్యాప్‌రూమ్‌లో, అంటే తన దగ్గరే కూర్చుని తాగే గదిలో, నేరుగా అమ్ముకోవడానికి ఇప్పుడు చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటున్నాయి. మన ప్రయాణమంతా ఆ తలుపు గుండానే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తాజాదనం. ఐపీఏ అనే రకం బీరుకు ఆ మామిడిపండు, నారింజ తొక్క, అడవి వాసన వచ్చేది హాప్స్ అనే తీగ పూల నుంచి. ఆ వాసన నూనెలు నిలవవు. వేడి తగిలితే, గాలి తగిలితే వారాల్లోనే పోతాయి. మిగిలేది చేదు, తడిసిన అట్టపెట్టె వాసన. అందుకే కొన్ని మంచి బ్రూవరీలు తమ బీరును దూరం పంపడానికి ఒప్పుకోవు. మసాచుసెట్స్‌లోని ట్రీ హౌస్ తన బీరును తన సొంత చోట్లే అమ్ముతుంది. మీరు బోస్టన్లో ఏ షాపుకు వెళ్ళి అడిగినా లేదనే అంటారు. అక్కడే చార్ల్‌టన్‌కు గంట కారు నడిపితే జూలియస్ అనే ఐపీఏ ఆ వారం నింపిన క్యాన్లలో దొరుకుతుంది.

మీ ఇంటి దగ్గర బ్రూవరీతో మొదలుపెట్టండి

పేరుమోసిన బీరు కోసం మొదటిరోజే ఐదొందల మైళ్ళు పోకండి. ఇంటికి పావుగంట దూరంలో బ్రూవరీ ఏదుందో చూడండి. స్వతంత్రమైనదా కాదా అన్న అనుమానం ఉంటే తలకిందులుగా ఉన్న సీసా బొమ్మ ముద్ర కోసం వెతకండి. బ్రూవర్స్ అసోసియేషన్ 2017లో తెచ్చిన గుర్తు అది. అందరూ వేసుకోరు గానీ, ఉంటే నమ్మవచ్చు.

వెళ్ళే రోజు, వెళ్ళే వేళ ముఖ్యం. శుక్ర, శనివారాలు సాయంత్రం వద్దు. అప్పుడు కౌంటర్ వెనక ఉన్నవాళ్ళకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మంగళ, బుధ, గురువారాల్లో తలుపు తీసిన మొదటి గంటలో వెళ్ళండి. బల్ల దగ్గర కాకుండా బార్ దగ్గర కూర్చోండి. గుంపుగా వద్దు, ఒకరో ఇద్దరో చాలు. అప్పుడే మాటలు కలుస్తాయి.

మొదట ఫ్లైట్ తీసుకోండి. నాలుగైదు రకాలు చిన్న గ్లాసుల్లో, ఒక్కొక్కటి 120 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా పోసి ఒక పలక మీద పెట్టి ఇస్తారు. తేలికదాని నుంచి బరువుదానికి వెళ్ళాలి. లేత బంగారు రంగు పిల్స్‌నర్, గోధుమ బీరు ముందు, ఐపీఏ తర్వాత, నల్లటి స్టౌట్ చివర. ముందే పది శాతం ఆల్కహాల్ ఉన్న స్టౌట్ తాగితే తర్వాత పిల్స్‌నర్ నీళ్ళలా అనిపిస్తుంది, ఆ పిల్స్‌నర్‌కు అన్యాయం చేసినవాళ్ళం అవుతాం. మధ్యమధ్య మంచినీళ్ళు తాగండి.

పోసినవాళ్ళతో ఏం మాట్లాడాలో చాలామందికి తెలియక ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. "మీ దగ్గర బాగా ఫేమస్ ఏది?" అని అడగకండి. ఆ ప్రశ్న రోజుకు యాభై మంది అడుగుతారు. ఇలా అడిగి చూడండి: "మీ డ్యూటీ అయ్యాక మీరేం తాగుతారు?" లేదా "ఈ వారం కొత్తగా ట్యాంకు నుంచి వచ్చింది ఏది?" లేదా "ఇందులో ఏ హాప్స్ వేశారు?" ఈ ప్రశ్నలకు ముఖం వెలుగుతుంది. నాకు తెలిసిన బ్రూవర్లలో ఎక్కువమంది తమ సొంతానికి తాగేది లాగరే, అంటే పిల్స్‌నర్ లాంటి చల్లగా పులియబెట్టే బీరే. అది ట్యాంకులో వారాల తరబడి చల్లగా ఉండాలి, చిన్న తప్పు జరిగినా దాచడానికి ఏమీ ఉండదు. మీరు లాగర్‌ను మెచ్చుకుంటే వాళ్ళ పనిని మెచ్చుకున్నట్టే.

నచ్చకపోతే నచ్చలేదని మర్యాదగా చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. "పులుపు నాకు కాస్త ఎక్కువైంది" అంటే వాళ్ళకు పనికొచ్చే మాట. లేచేముందు టిప్ మరవకండి. గ్లాసుకు కనీసం ఒక డాలర్, లేదా బిల్లులో 20 శాతం. మనవాళ్ళ గురించి ఈ విషయంలో ఒకటి రెండు చోట్ల నేను విన్న మాటలు నన్ను బాధపెట్టాయి. అక్కడ పనిచేసేవాళ్ళ ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే.

మళ్ళీ వెళ్ళండి. నెలలో రెండు మూడు సార్లు చాలు. నాలుగోసారికి మీ పేరు గుర్తుంటుంది, ఆరోసారికి "మీకు నచ్చేది ఒకటి వచ్చే గురువారం వస్తోంది" అంటారు. నాకు జీవితంలో దొరికిన మంచి బీర్లలో సగం ఇలాంటి మాట వల్లే దొరికాయి. బీరు కావాలనే ఆశతో మాత్రమే స్నేహం చేస్తే వాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ మనుషులమీద, వాళ్ళ పనిమీద నిజంగా ఆసక్తి ఉంటేనే ఈ దారి పనిచేస్తుంది.

కబురు ముందుగా అందేలా చూసుకోండి

బ్రూవరీ న్యూస్‌లెటర్‌కు మీ ఈమెయిల్ ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలో అయి, ఆ ఒక్క ఖాతాకు నోటిఫికేషన్ ఆన్ చేసుకోండి. చాలాచోట్ల వారం మధ్యలో క్యాన్లు నింపి గురు, శుక్రవారాల్లో అమ్మకం పెడతారు. ఆ లయ పట్టుకుంటే సగం పని అయినట్టే. 2010లో మొదలైన అన్‌టాప్డ్ యాప్‌లో తాగిన ప్రతి బీరూ రాసుకోవచ్చు, దగ్గర్లో ఏ బార్‌లో ఏముందో చూసుకోవచ్చు. రాసుకోవడం మంచి అలవాటు. అందులో వచ్చే స్టార్ల సంఖ్య చూసి మాత్రం బీరు ఎంచుకోకండి. బరువైన స్టౌట్లకూ మబ్బులా మసకగా ఉండే ఐపీఏలకూ ఎప్పుడూ ఎక్కువ స్టార్లు పడతాయి, అద్భుతమైన పిల్స్‌నర్ కింద ఉండిపోతుంది.

కొన్ని బ్రూవరీలకు వార్షిక సభ్యత్వాలు ఉంటాయి. ఏటా కొంత కట్టి చేరితే సొంత మగ్గు, తగ్గింపు, ప్రత్యేకమైన సీసాలు ముందుగా కొనే హక్కు ఇస్తారు. కాలిఫోర్నియాలో ద బ్రూయరీ అనే సంస్థ ఇలాంటి క్లబ్బులతోనే పేరు తెచ్చుకుంది. నెలకు రెండుసార్లయినా వెళ్ళే చోటైతేనే చేరండి. లేకపోతే ఆ డబ్బుతో పది కొత్త బ్రూవరీలు చూడొచ్చు.

క్యాన్ అడుగు చదవడం నేర్చుకోండి

వచ్చిన కొత్తలో, ఎన్నాళ్ళుగానో పేరు విన్న ఒక ఐపీఏ మా ఊరి దుకాణంలో అరమీద కనిపించింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నాలుగు క్యాన్ల ప్యాక్ కొని ఇంట్లో గ్లాసులో పోస్తే రంగు గోధుమరంగుకు తిరిగి ఉంది, తేనె కలిపిన అట్టముక్క రుచి. అడుగు చూస్తే నింపి పద్నాలుగు నెలలైంది. బీరు తప్పు కాదది. దాన్ని వేడి గదిలో అన్నాళ్ళు ఉంచడం తప్పు, చూడకుండా కొనడం నా తప్పు.

అప్పటినుంచి క్యాన్ తిప్పి అడుగున తేదీ చూడకుండా కొనను. నింపిన తేదీ ఉంటే మేలు. కొందరు ఎప్పటిలోగా తాగాలో మాత్రమే వేస్తారు, అప్పుడు అది ఎప్పుడు పుట్టిందో లెక్కగట్టాలి. ఐపీఏ అయితే నెలలోపు ఉంటే కళ్ళు మూసుకుని కొనండి, రెండు నెలలైతే ఫ్రిజ్‌లో ఉందా లేదా చూడండి, మూడు దాటితే వదిలేయండి. పేరు ఎంత గొప్పదైనా సరే. పారదర్శకమైన సీసా, పచ్చ సీసా వెలుతురులో పెట్టి ఉంటే ముట్టుకోకండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు దుర్వాసనగా మారుతుంది.

చెక్క పీపాలో నిలవబెట్టిన బరువు స్టౌట్లకు, బెల్జియం వైపు పుల్ల బీర్లకు ఈ లెక్క వర్తించదు. అవి చల్లని చీకట్లో కొన్నేళ్ళు నిలుస్తాయి. కొన్ని ఇంకా బాగుపడతాయి.

దుకాణం వాళ్ళతో ఎలా మెలగాలి

సూపర్‌మార్కెట్ వదిలేసి, బీరుమీద ప్రేమ ఉన్నవాళ్ళు నడిపే చిన్న షాపు ఒకటి పట్టుకోండి. ఫ్రిజ్‌లో ఎక్కువ సరుకు పెట్టేవాళ్ళయితే నమ్మొచ్చు. అరుదైన బీరు డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి వాళ్ళకు వచ్చేది ఒక కేసో, రెండు కేసులో. అది అరమీదికి రాకుండా కౌంటర్ వెనకే అయిపోతుంది. ఎవరికి ఇవ్వాలో షాపు ఓనర్ ఇష్టం. ఏడాదికోసారి వచ్చి ఆ ఒక్కటే అడిగేవాడికి ఎవరూ ఇవ్వరు. ప్రతి రెండు వారాలకూ వచ్చి మామూలు బీర్లు కొనేవాళ్ళకు, వాళ్ళు ఇచ్చినదాని గురించి వచ్చి రెండు మాటలు చెప్పేవాళ్ళకు ఇస్తారు. కొన్ని షాపులు లాటరీ తీస్తాయి, ఆ పేరు జాబితాలో చేరండి.

ఇక్కడే ఇంకో మాట. ప్రతి మంచి బీరూ అరుదైనది కాదు. 1980లో కెన్ గ్రాస్‌మన్ కాలిఫోర్నియాలోని చీకోలో మొదలుపెట్టిన సియెరా నెవాడా బ్రూవరీ 1981 నుంచి ప్రతి చలికాలం సెలబ్రేషన్ అనే ఐపీఏ తెస్తోంది. ఆ ఏడాది కోసిన హాప్స్‌తో చేస్తారు. నవంబర్లో దేశమంతా మామూలు ధరకే దొరుకుతుంది. నేను వరసలో గంటలు నిలబడి కొన్న చాలావాటికన్నా అది నాకు ఎక్కువ ఇష్టం.

పెద్ద రిలీజులకు వెళ్ళేటప్పుడు

ఇక పేరుమోసిన వాటి సంగతి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది, ముందే తెలుసుకుని వెళ్ళాలి.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకు దగ్గర్లో ఉన్నది రష్యన్ రివర్ బ్రూవరీ. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన గంట దూరంలో సాంటా రోసాలో ఒకటి, దాని పక్క ఊరు విండ్సర్‌లో 2018లో కట్టిన పెద్దది ఒకటి. విన్నీ, నాటలీ సిలుర్జో దంపతులు నడుపుతారు. 2005 నుంచి ఏడాదికోసారి ప్లైనీ ద యంగర్ అనే ట్రిపుల్ ఐపీఏ, అంటే మామూలు ఐపీఏకన్నా బాగా ఘాటైనది తీస్తున్నారు, ఆల్కహాల్ సుమారు 10.25 శాతం. రెండు వారాలే ఉంటుంది. మొదట్లో ఫిబ్రవరిలో ఉండేది, 2022 నుంచి మార్చి చివరికి మార్చారు. వాన, చలి తప్పాయి. దేశంలో చాలా చోట్ల నుంచి వచ్చి గంటలకొద్దీ వరసలో నిలబడతారు. మీకు నా సలహా: మొదటి వారాంతం వద్దు. రెండో వారంలో సోమ, మంగళవారాల్లో పొద్దున్నే వెళ్ళండి, గొడుగు, నీళ్ళు, మడత కుర్చీ పట్టుకెళ్ళండి. విండ్సర్‌లో చోటు ఎక్కువ. ఆ ఏటి నియమాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు, అవి చదివాకే సెలవు పెట్టుకోండి. వరసలో పక్కవాళ్ళతో మాట్లాడండి. నా బీరు స్నేహాల్లో రెండు ఆ వరసలోనే మొదలయ్యాయి. అంత దూరం పోలేనివాళ్ళకు ఇంకో మార్గం ఉంది. యంగర్ కొన్ని కెగ్గులు, అంటే బీరు పీపాలు, వేరే ఊళ్ళ బార్లకు కూడా వెళ్తాయి. ఒక్కో బార్ ఆ రోజును సేవాసంస్థల విరాళాలకు వాడుకుంటుంది. మీ ఊళ్ళో మంచి బార్‌వాళ్ళను ఫిబ్రవరిలోనే అడిగి ఉంచండి. ఏదీ కుదరకపోతే దీని అన్న, ప్లైనీ ది ఎల్డర్, ఏడాది పొడుగునా ఉంటుంది. అది తాజాగా తాగినవాడు ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు.

తూర్పువైపు ఉన్నవాళ్ళకు వెర్మాంట్. అక్కడి ది ఆల్కెమిస్ట్ అనే బ్రూవరీ కథ తెలుసుకుని వెళ్తే ఆ బీరు రుచే వేరు. జాన్, జెన్ కిమ్మిక్ 2003లో వాటర్‌బరీలో పెట్టిన పబ్బు 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను వరదలో మునిగిపోయింది. అదే ఊళ్ళో అప్పటికే సిద్ధమవుతున్న క్యాన్ల కర్మాగారంలో రెండు రోజులకే హెడీ టాపర్ అనే వాళ్ళ ఐపీఏ మొదటి క్యాన్లు బయటికొచ్చాయి. తర్వాత జనం ఎంత ఎగబడ్డారంటే, కార్ల రద్దీకి ఇరుగుపొరుగు ఇబ్బందిపడి, 2013లో అక్కడ అమ్మకమే ఆపేయాల్సి వచ్చింది. 2016లో స్టో అనే ఊళ్ళో కొత్త చోటు తెరిచారు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ప్రశాంతంగా కొనుక్కోవచ్చు. ఆ కార్ల సంగతి గుర్తుంచుకోండి: చిన్న ఊళ్ళో వేరేవాళ్ళ ఇంటిముందు బండి పెట్టి, రోడ్డుమీద క్యాన్లు తెరిచి గోల చేస్తే నష్టపోయేది ఆ బ్రూవరీయే.

అక్కడిదాకా వెళ్ళారు కాబట్టి ఇంకో గంట ఉత్తరానికి పోయి గ్రీన్స్‌బరోలో హిల్ ఫార్మ్‌స్టెడ్ బ్రూవరీ చూడండి. మట్టిరోడ్డు, పచ్చిక కొండలు, ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. షాన్ హిల్ 2010లో తన తాతల భూమిలో పెట్టాడు. బీర్లకు తన పూర్వీకుల పేర్లు పెడతాడు. ఎడ్వర్డ్ అంటే వాళ్ళ తాత. పంట పండించిన నేల మీదే తాత పేరుతో బీరు తాగుతుంటే నాకు మా తాటివనం గుర్తొచ్చి మాట రాలేదు.

షికాగో వాళ్ళకు థాంక్స్‌గివింగ్ మర్నాడు గూస్ ఐలాండ్ వారి బోర్బన్ కౌంటీ స్టౌట్ వస్తుంది. 2011 నుంచి ఆ సంస్థ పెద్ద కంపెనీ చేతిలో ఉంది, అందువల్ల దేశమంతా చేరుతుంది. కొన్ని రకాలు మినహా దానికోసం రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. డిసెంబర్లో కూడా చాలా షాపుల్లో కనిపిస్తుంది.

యూరప్ ప్రయాణం ఉంటే బెల్జియంలో సెయింట్ సిక్స్టస్ మఠం. అక్కడి సన్యాసులు 1838 నుంచి బీరు కాస్తున్నారు. వాళ్ళ వెస్ట్‌వ్లెటరెన్ 12 అనే బీరు కోసం ప్రపంచమంతా వెతుకుతారు. మఠం ఖర్చులకు సరిపడా మాత్రమే చేస్తారు, ఎక్కువ అమ్ముడుపోతుందని ఎక్కువ చేయరు. ఒకప్పుడు ఫోన్ చేసి, కారు నంబర్ చెప్పి బుక్ చేసుకోవాల్సి వచ్చేది. 2019 నుంచి వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. కారు లేనివాళ్ళకు, కేసులు మోయలేనివాళ్ళకు తేలిక మార్గం మఠం ఎదురుగా ఉన్న ఇన్ ద వ్రేదే అనే కేఫ్. తలుపు తీసి ఉన్న రోజు చూసుకుని వెళ్ళి, జున్ను ముక్కతో ఒక గ్లాసు తాగి రావచ్చు. వాళ్ళు కొనేవాళ్ళను అడిగేది ఒకటే, తిరిగి అమ్మవద్దని. ఆ మాటను గౌరవించండి.

సియాటిల్ వాళ్ళకు ఒక ప్రత్యేకమైన మాట

రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో అంతమంది తెలుగువాళ్ళు ఉండి యాకిమా లోయకు వెళ్ళినవాళ్ళు తక్కువ. రెండున్నర గంటల దూరం. అమెరికాలో పండే హాప్స్‌లో సుమారు ముప్పాతిక భాగం అక్కడిదే. ఆగస్టు చివర్నుంచి సెప్టెంబర్ నెలాఖరుదాకా కోత. మామూలుగా పూలను వెంటనే ఎండబెట్టి మూటలు కడతారు. కోతకాలంలో మాత్రం కొందరు పచ్చి పూలను ఆ రోజే తెచ్చి కాగులో వేస్తారు. పచ్చిపువ్వులో ఎక్కువ భాగం నీరే, ఒక రోజు దాటితే పాడవడం మొదలవుతుంది. అందుకే ఫ్రెష్ హాప్ బీరు ఏడాదిలో కొన్ని వారాలే. కోసిన గడ్డి, దోసకాయ, పచ్చి ఆకు వాసన. నెల తర్వాత అది ఉండదు.

బేల్ బ్రేకర్ అనే బ్రూవరీ హాప్ తోట మధ్యలోనే ఉంది. 1932 నుంచి హాప్స్ పండిస్తున్న కుటుంబం 2013లో పెట్టింది. సెప్టెంబర్లో వెళితే బయట బెంచీ మీద కూర్చుని, పద్దెనిమిది అడుగుల ఎత్తు తీగల వరసల పక్కన, వాటి పూలతో చేసిన బీరు తాగవచ్చు. పిల్లలను తీసుకెళ్ళినా వాళ్ళకు ఆడుకునే చోటు ఉంది. అక్టోబర్ మొదట్లో యాకిమాలో ఫ్రెష్ హాప్ ఏల్ ఫెస్టివల్ జరుగుతుంది, హోటల్ ముందే బుక్ చేసుకోండి.

పంచుకోవడం, మార్చుకోవడం, మోసుకెళ్ళడం

ఇంట్లో ఒక్కరే అరుదైన సీసా తెరవకండి. ఆరుగురిని పిలవండి, ఒక్కొక్కరు ఒక్కటి తెస్తారు, గ్లాసుకు రెండు మూడు గుటకలు పోసుకుంటారు. ఆరు రకాలు రుచి చూసి కూడా ఎవరూ తూలరు. తినడానికి మనవి పెట్టండి, కానీ జత చూసుకోండి. ఐపీఏ చేదు మిరపకాయ మంటను ఇంకా పెంచుతుంది, గోంగూర మటన్‌తో అది పడదు. దానికి గోధుమ బీరో, కాస్త తియ్యదనం ఉన్న ఎర్ర లాగరో బాగుంటుంది. మిరపకాయ బజ్జీకి చల్లని పిల్స్‌నర్. పుల్ల బీరుతో చేపల వేపుడు తిని చూడండి, నిమ్మకాయ పిండినట్టుంటుంది.

వేరే ఊరి స్నేహితుడితో మార్చుకోవాలంటే కలిసినప్పుడు చేతికివ్వండి. అమెరికా పోస్టులో మద్యం పంపడం నిషేధం. ప్రైవేటు కొరియర్లు కూడా లైసెన్సు ఉన్న సంస్థల నుంచే తీసుకుంటాయి. లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. "పర్లేదు, అందరూ చేస్తున్నారు" అనే మాట నమ్మకండి. ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్ళు.

విమానంలో తేవడం సులువు. 24 శాతం లోపు మద్యానికి చెక్-ఇన్ సామానులో అమెరికా విమాన నియమాల పరిమితి లేదు. ఇండియాకు తీసుకెళ్ళేవాళ్ళకు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు. సర్దే పద్ధతి మన అమ్మలు నేర్పిందే. ఆవకాయ జాడీకి చేసినట్టు ఒక్కోదాన్ని జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి, రబ్బరు బ్యాండు వేసి, టవల్‌లో చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ ఇరికించాలి. అంచుల దగ్గర పెట్టకూడదు. నేను ఈ పద్ధతిలో తెచ్చినవాటిలో ఒక్కటీ పగల్లేదు.

బండి గురించి

ఇది చదవకుండా దాటేయకండి. బ్రూవరీకి వెళ్ళే రోజు డ్రైవింగ్ ఎవరిదో ఇంట్లోనే తేల్చుకోండి, లేదా ఊబర్ తీసుకోండి. కొన్ని క్రాఫ్ట్ బీర్లలో ఆల్కహాల్ ఎనిమిది, పది శాతం ఉంటుంది, అలాంటిది ఒక్క గ్లాసే రెండు మామూలు బీర్లతో సమానం. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం, యూటా రాష్ట్రంలో 0.05. తాగి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. అంతకన్నా, రోడ్డు మీద ఎదురొచ్చే మనిషి ప్రాణం. కొన్నవాటిని కారు డిక్కీలో పెట్టండి, మూత తీసిన క్యాన్ సీటు దగ్గర ఉండకూడదు. ఎండాకాలమైతే ఒక ఐస్ పెట్టె తీసుకెళ్ళండి. గంట ప్రయాణంలో డిక్కీ వేడికి మీ తాజా ఐపీఏ సగం చచ్చిపోతుంది.

ఇంకాస్త లోపలికి వెళ్ళాలనుంటే

ఇంట్లో బీరు కాయడం నేర్చుకోండి. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల అమెరికాలో అది నేరం కాకుండా పోయింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏటా 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. ఈ రంగంలో పేరున్నవాళ్ళు చాలామంది వంటింటి పొయ్యి మీదే మొదలుపెట్టారు. ఊరూరా హోమ్‌బ్రూ క్లబ్బులు ఉన్నాయి, నెలకోసారి కలుస్తారు, స్థానిక బ్రూవర్లు కూడా వస్తుంటారు. ఈస్ట్ మిగిలితే క్లబ్బువాళ్ళకు ఉచితంగా పోసిచ్చే బ్రూవరీలు కూడా ఉన్నాయి. ఒకసారి మీ చేతులతో ఇరవై లీటర్లు కాచి, పాడుచేసుకుని, మళ్ళీ కాచాక, బార్ దగ్గర కూర్చుని మీరడిగే ప్రశ్నలే మారిపోతాయి.

పెద్ద పండుగలకు వాలంటీరుగా వెళ్ళడం ఇంకో తలుపు. డెన్వర్‌లో 1980ల నుంచి జరుగుతున్న గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌కు ఏటా వందల బ్రూవరీలు వస్తాయి. టికెట్ కొని వెళ్తే రుచులు చూస్తారు. వాలంటీరుగా వెళ్తే పోసేవాళ్ళ పక్కన నిలబడి పనిచేస్తారు.

మా ఇంటి దగ్గర బ్రూవరీకి ఒక సంక్రాంతికి సకినాల డబ్బా పట్టుకెళ్ళాను. బ్రూవర్ రెండు సకినాలు పిల్స్‌నర్‌తో తిని, మీ ఊళ్ళో ఏం తాగుతారని అడిగాడు. తాటికల్లు సంగతి మొత్తం చెప్పాను. ఈస్ట్ ఎవరూ వేయరని, చెట్టు మీద లొట్టిలోనే గాలికి దానంతటదే పొంగుతుందని చెప్పేసరికి చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. ఎంతసేపు నిలుస్తుంది, ఏ నెలలో బాగుంటుంది, ఆడచెట్టుకూ మగచెట్టుకూ తేడా ఉంటుందా అని గంటసేపు అడిగాడు. చివరికి, "ఈసారి వచ్చేటప్పుడు ఒక సీసా తేగలవా?" అన్నాడు. దాన్ని సీసాలో పెట్టలేమని, దించిన పూటే తాగాలని చెప్పాను.

కాసేపు ఆలోచించి, "అయితే నేనే రావాలి" అన్నాడు. వచ్చే మార్చిలో నాతో వస్తున్నాడు.